తొక్కు, పట్టు, ఇడువు

మొన్న మా మనుమరాలు స్రవంతి వనపర్తి ఇంటికి సున్నాలు వేయించడానికి వచ్చి, అటక మీది సామానంతా కిందికి దించింది. పగిలిన చేటలు, మూతలేని బిందె, తుప్పు పట్టిన పానాలు, ఎవరివో గుర్తులేని చెప్పులు. అన్నిటి అడుగునా ఒక పాత వనస్పతి డబ్బా. దాని ఒంటి మీద మేకుతో గీసిన పాదం ఒకటి ఉంది. ఐదు వేళ్లు, బొటనవేలి పక్క వేలికి చిన్న సున్నా. స్రవంతి కొంగుతో దుమ్ము తుడిచి వెలుతురులో పెట్టి చూసింది.

"అవ్వా, ఇదేంది? లక్ష్మీదేవి పాదమా?"

"లక్ష్మి లేదు, గిక్ష్మి లేదు. అది నా కాలు."

"నీ కాలా? ఎవరు గీసిండ్రు?"

"మీ తాత."

ఆ పిల్ల కిసుక్కున నవ్వింది. ఏదో ముచ్చటైన కథ అనుకుంది. "పాత ఇనుము కొనేటోనికి ఏద్దామా మరి?" అంది. "ఎయ్యి, నిన్ను గూడ కలిపి ఏస్త" అన్నాను. నేను నవ్వలేదు. డబ్బా చేతిలోకి తీసుకోగానే నా అరచేతులు చెమట పట్టాయి. ఇన్నేళ్లు గడిచాక, ఖాళీ డబ్బా చూసి చెమట పట్టడమేమిటని మీరు అనుకోవచ్చు. పట్టింది, అంతే.

నాకు యాభై దాటాక అక్షరాలు వచ్చాయి. రాయడం వచ్చిన రోజు నుంచీ ఈ సంగతి రాయాలనుకోవడం, భయపడి పలక పక్కన పెట్టేయడం, ఇదే పని. ఈ సంగతి ఎవరికి తెలియకూడదనుకున్నామో ఆమె లేదు. తెలియనీయవద్దని మాట తీసుకున్న ఆయనా లేడు. ఇక భయపడవలసింది నాకు నేనే కాబట్టి రాస్తున్నాను. సొగసుగా చెప్పడం నాకు చేతకాదు.

నన్ను ఉప్పునుంతల నుంచి వనపర్తికి ఇచ్చారు. మా ఆయన పేరు కిష్టయ్య, లారీల మెకానిక్కు. ఐదో తరగతి వరకు చదివినవాడు. మా ఇంట్లో అక్షరం తెలిసిన మనిషి ఆయన ఒక్కడే. ఇంటి ముందు బండ పరిచిన వాకిలి, దాని పక్కన రేకుల చూరు. షెడ్డులో పని అయిపోయాక ఇంటికి తెచ్చుకున్న పని ఆ చూరు కింద చేసేవాడు. అందుకే మా ఇంట్లో జొన్నరొట్టె వాసన, కిరసనాయిలు వాసన కలిసే ఉండేవి. రొట్టె తట్టే చేతికి కొంచెం గ్రీజు అంటకుండా నేను ఏ పూటా వంట చేయలేదు. మా అత్త నర్సమ్మకు ఆ వాసన అంటే గిట్టేది కాదు. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "మనిషిని కన్ననా, మిషన్ని కన్ననా" అని గొణిగేది. కానీ కొడుకు కాలికి చిన్న దెబ్బ తగిలినా ఆమెకు అన్నం దిగేది కాదు. వెంటనే ముడుపు కట్టేది. పసుపు గుడ్డలో ఒక నాణెం పెట్టి, మూడు ముడులు వేసి, దేవుడికి మొక్కుకుని, గుమ్మం పైన మేకుకు వేలాడదీసేది. కొడుక్కు జ్వరమొస్తే ఒకటి, వాన పడకపోతే ఒకటి, గేదె చూడి కట్టకపోతే ఒకటి. మా గుమ్మం మీద ఎప్పుడూ నాలుగైదు ముడుపులు వేలాడుతూనే ఉండేవి. పొడుగు మనుషులు వంగి లోపలికి రావాల్సిందే.

ఆ కారు ఒక మధ్యాహ్నం లారీ మీద వచ్చింది. గద్వాలలో పల్లీల నూనె మిల్లు నడిపే ఆసామి కొడుకుది. ఆ కొడుకునే మేము మిల్లు సారు అనేవాళ్లం. అప్పటికి ఆయనకు ఇరవై రెండో, ఇరవై మూడో. హైదరాబాదులో ఎవరో పెద్దింటివాళ్లు పక్కన పడేస్తే కొని, తండ్రికి తెలియకుండా మా వాకిట్లో దింపించాడు. ఎర్రటి కారు, పైన కప్పు లేదు, ఇద్దరే కూర్చోవాలి. ఎంత చిన్నదంటే, దాని ముక్కు నా మోకాలికి కొంచెం పైకి వచ్చేది. దాన్ని చూసి మా అత్త, "ఇది కారా, పిల్లల తొట్టెనా?" అంది.

"గిదే రేసు బండమ్మా" అన్నాడు మిల్లు సారు. "ఇప్పుడే ఉరుకుతది. మీ కిష్టయ్య చెయ్యి పడితే ఇంకా ఉరుకుతది. దీని ఒంటి మీద ఉన్న బరువంతా తీసెయ్యాలె."

"బరువంతా తీసేస్తే నేల మీద ఏం పట్టుకొని నిలబడ్తది సారూ?" అన్నాను నేను, తలుపు చాటు నుంచే. ఆయన నవ్వి ఊరుకున్నాడు.

మూడు నెలలు ఆ కారు మా వాకిట్లోనే ఉంది. మా ఆయన దాన్ని విప్పిన తీరు చూస్తే కోడిని ఒలిచినట్టే ఉండేది. ముందూ వెనకా ఉన్న ఇనుప కడ్డీలు తీసేశాడు. తలుపుల లోపలి రేకులు తీసేశాడు. సీట్ల కింది స్ప్రింగులు, ఇనుప చట్రం ఊడబీకి, సన్నని గొట్టాలు వంచి, మంచానికి అల్లినట్టు నులకతో సీట్లు అల్లాడు. ఆ నులక నేనే పేనాను. ఇంజనుకు గాలి బాగా అందాలని మూత మీద ఒక బొక్క చేసి, దానికి దోనెలాంటిది కావాలన్నాడు. తెల్లారి లేచేసరికి నా పెళ్లికి పెట్టిన సత్తు గిన్నె కనిపించలేదు. చూస్తే సగం కోసి, సుత్తితో సాపు చేసి, కారు నెత్తి మీద బిగించి ఉంది.

"అది మా అమ్మ పెట్టిన గిన్నె."

"ఇంత మంచి రేకు బజార్ల దొరకదే. చూడు, ఎట్ల కూసుందో!"

"పప్పు యాడ వండాలె ఇగ? నీ కారు నెత్తి మీదనా?"

మా అత్త ఆ రోజు మొదటిసారి నా పక్షాన నిలబడింది. పది దినాల దాకా ఆ మాట ఎత్తినప్పుడల్లా నవ్వుకునేవాళ్లం. పైకి నవ్వేదాన్నే గానీ, లోపల నాకు రోజురోజుకూ గుబులు పెరిగేది. ఒక్కో సామాను ఊడి చూరు కింద కుప్పపడుతుంటే, నాకు బండి తేలిక అవుతున్నట్టు కనిపించేది కాదు. బండికీ చావుకూ మధ్య ఉన్నవి ఒక్కొక్కటే తీసేస్తున్నట్టు ఉండేది. చివరికి ఇద్దరం వెనక పక్క పట్టుకుని ఎత్తితే చక్రాలు నేల విడిచేవి. ఇంజను మాత్రం మునుపటికన్నా గట్టిగా అరిచేది. స్టార్టు చేస్తే గూట్లోని గాజు సీసాలు గలగలలాడేవి.

నా భయానికి కారణం ఉంది. నాకు పదేళ్లప్పుడు మా అమ్మా నాన్నా నన్ను వెంటబెట్టుకుని డ్యాం పనికి పోయారు. మా ఊళ్లో సగం మంది అట్లా పోయేవాళ్లే. పని అయిపోయి లారీలో తిరిగి వస్తుంటే, ఒక ఎగుడు రోడ్డు మీద లారీ ఆగి, వెనక్కు జారడం మొదలైంది. డ్రైవరు "బిరేకు పడ్తలే, రాయి ఎయ్యుండ్రి, రాయి ఎయ్యుండ్రి" అని అరిచాడు. వెనక అంచున కూర్చున్న మా నాన్న కిందికి దూకాడు. రోడ్డు పక్కన ఉన్న రాయి తీసి చక్రం కింద పెట్టాడు. లారీ ఆగింది. నలభై మందిమి బతికాము. ఆ రాయి పట్టుకున్న మనిషి ఒక్కడే బతకలేదు. అప్పటి నుంచి నేను లారీ ఎక్కలేదు. బస్సు ఎక్కినా డ్రైవరు కాళ్లు కనిపించే చోట కూర్చునేదాన్ని.

అందుకే బ్రేకుల పని వచ్చినప్పుడు, నేను చేస్తానన్నాను. అది ఒక్క మనిషి చేసే పని కాదు. ఒకరు కారులో కూర్చుని బ్రేకు తొక్కాలి, ఇంకొకరు కింద పడుకుని చక్రం దగ్గర చిన్న మర విప్పాలి. నూనెతోపాటు గాలి బుడగలు బయటికి పోతాయి. గాలి లోపల మిగిలితే బ్రేకు పట్టదు. మా ఆయన కింద నుంచి, "తొక్కు" అనేవాడు. తొక్కేదాన్ని. "పట్టు" అనేవాడు. కాలు కదపకుండా పట్టేదాన్ని. మర విప్పినప్పుడు కాలి కింద పెడలు మెల్లగా కిందికి పోయేది, మనిషి ఊపిరి వదిలినట్టు. మర బిగించాక, "ఇడువు" అనేవాడు. అప్పుడే వదలాలి. ఆయన "ఇడువు" అనకముందే కాలు తీస్తే గాలి మళ్లీ లోపలికి పోతుంది, చేసిన పనంతా మన్నే. "ఏమైనా గానీ, నేను ఇడువు అనేదాక కాలు తియ్యకు. తేలు కుట్టినా తియ్యకు" అనేవాడు. నేను తీయలేదు. మెట్టెలు ఇనుముకు రాసుకుని వేలు కోసుకుపోయినా తీయలేదు. తొక్కు, పట్టు, ఇడువు. పెళ్లయి ఏడాది దాటినా మేమిద్దరం అంత సేపు మాట్లాడుకున్నది ఎప్పుడూ లేదు.

ఆ బ్రేకుకు పోసే నూనె వేరు, ఇంజనుకు పోసే నూనె వేరు. మిల్లు సారు తెచ్చిన డబ్బాలు అతుకుల దగ్గర కారుతుంటే, మా ఆయన రెంటినీ రెండు వనస్పతి డబ్బాల్లో పోసి మూతలు పెట్టాడు. రెండు డబ్బాలూ ఒక్కతీరుగా ఉండేవి. నూనెలు కూడా చూపుకు తేనె రంగులోనే ఉండేవి. నాకు గుర్తుండాలి కదా. మా ఊళ్లో అమ్మ విత్తనాల కుండలకు గుడ్డ పీలికలు కట్టేది. కందికి ఎర్రది, ఆముదాలకు నల్లది, జొన్నకు పసుపుది. చదువు లేని ఇంట్లో ఆ పీలికలే అక్షరాలు. నేను నా చిన్ననాటి లంగా అంచు చింపి, పసుపు నీళ్లలో ముంచి ఆరేసి, బ్రేకు నూనె డబ్బా మెడకు కట్టాను. ఇంజను నూనె డబ్బాకు ఏమీ కట్టలేదు. మా ఆయన చూసి, "మంచిగ చేసినవ్. నేను తొందరల మర్సిపోయినా నీ పీలిక మర్సిపోదు" అన్నాడు. ఆ మాటకు నేను రెండు రోజులు గాల్లో నడిచాను.

బండిని ఆదివారం పొద్దున గద్వాలకు తీసుకుపోయి అప్పజెప్పాలని అనుకున్నారు. పెబ్బేరు మీదుగా బీచుపల్లి వంతెన దాటి పోవాలి. శుక్రవారం మధ్యాహ్నం మా ఆయన బండి కింద పడుకుని, "నూనె జర తగ్గింది, నింపు. ఇంకొక్కపారి తొక్కుదాం" అన్నాడు. నేను చూరు కిందికి పోయి పసుపు పీలిక ఉన్న డబ్బా తెచ్చాను. కారులో బ్రేకు నూనె పోసే గిన్నెలో పోశాను. నూనె కొంచెం చిక్కగా పడింది. పడింది, నేను చూశాను. ఈ సంగతి ఇన్నేళ్లు నాకు నేనే చెప్పుకోలేదు. చిక్కగా పడుతోందేమిటని ఒక్క గడియ ఆగాను. చలికాలం కదా, పొద్దున పేరుకున్న నూనె ఇంకా కరగలేదేమో అనుకున్నాను. పీలిక ఉంది కదా అనుకున్నాను. "పోసినవా?" అని కింది నుంచి అడిగాడు. "పోసిన" అన్నాను. తొక్కాను, పట్టాను, విడిచాను. ముందు చక్రాలు రెండూ అయ్యాయి. శనివారం వీధిలో ఈ చివరి నుంచి ఆ చివరికి నడిపి చూశాడు, బ్రేకు మంచిగా పట్టింది.

ఆదివారం పొద్దున మా అత్త కారుకు కుంకుమ పెట్టింది. మా ఆయన గడపలో వంగి, ముడుపులు నెత్తికి తగలకుండా బయటికి వచ్చి, నులక సీట్లో కూర్చున్నాడు. నా గిన్నె మీద చెయ్యి పెట్టి తట్టాడు. "పప్పు మాడకుండ చూస్త" అన్నాడు. ఇంజను అరిచింది, దుమ్ము లేచింది, వీధి మలుపులో ఎర్ర రంగు కనపడకుండా పోయింది. నేను దేవుడికి దండం పెట్టుకుందామని గడప వైపు తిరిగాను. కొత్త ముడుపు ఒకటి వేలాడుతోంది. దాని అంచున నీలం దారం కుట్టు ఉంది. ఆ కుట్టు మా అమ్మది. నా లంగా అంచుకు చేత్తో వేసిన కుట్టు.

"అత్తా, ఈ పీలిక యాడిది?"

"ఏ పీలిక?"

"గీ ముడుపుది. ఇది నేను డబ్బాకు కట్టింది గాదా?"

"అవును, శుద్ధంగ పసుపు ముంచి ఆరేసినవ్ గదా అని తీసుకున్న. నా కొడుకు బండి తోలుకపోతుండు, బీచుపల్లి అంజన్నకు ముడుపు కట్టొద్దా? బేస్తవారం నాడే కట్టిన. మల్ల నీ డబ్బా బోసిగ ఉంటదని ఇంకో పీలిక కట్టిన గదనే. మర్సిపోలే నేను."

"ఏ డబ్బాకు కట్టినవ్?"

"గదే, డబ్బాకు. రెండు ఉన్నయ్ గదా, అండ్ల ఒకదానికి."

నేను చూరు కిందికి ఉరికాను. పీలిక ఉన్న డబ్బా మూత తీసి వేలు ముంచి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఇంజను నూనె. లారీ షెడ్డు వాసన. మూడు నెలలుగా రోజూ ఆయన చొక్కాల్లో ఉతికిన వాసన. శుక్రవారం ఎందుకు చూడలేదు నేను? రబ్బరు వాషర్లకు ఇంజను నూనె తగిలితే ఉబ్బుతాయని, ఉబ్బితే బ్రేకులు బిగుసుకుంటాయని, లేదంటే పట్టు తప్పుతాయని మా ఆయన నాకు పదిసార్లు చెప్పాడు. రెండు రోజులుగా ఆ వాషర్లు నానుతున్నాయి. బీచుపల్లి దగ్గర రోడ్డు నది వైపుకు దిగుతుంది. కింద కృష్ణ.

"ఏమైందే?" అంది అత్త. ఆమె ముఖం చూశాను. చెబితే అక్కడే కూలిపోయేది. "ఏం లేదు, ఆయన పానా మర్సిపోయిండు, ఇచ్చొస్త" అన్నాను. ఖాళీ చేతులతో పోతే అనుమానం వస్తుందని ఒక పానా పట్టుకున్నాను. రెండో డబ్బా, అసలు బ్రేకు నూనె డబ్బా, చంకలో పెట్టుకున్నాను. చెప్పులు లేకుండానే ఉరికాను.

బస్సుకు ఇంకా చాలా సేపుంది. రోడ్డు మీద ఒక లారీ పల్లీ బస్తాలతో పోతుంటే అడ్డం నిలబడ్డాను. డ్రైవరు రాయచూరు వైపు మనిషి, నడి వయసు, తలకు తువాలు. "యాకమ్మ, సావనీకె నా లారే దొరికిందా?" అని కన్నడం కలిపి కసిరాడు.

"అన్నా, ఎర్ర కారు గిట్ల పోయింది. దాన్ని అందుకోవాలె."

"ఆ కారునా? నా లారీతోనా?" నవ్వాడు. "అది పిట్ట లెక్క పోయిందమ్మా. మొగడా? కొట్లాటా?"

"మొగడే. బిరేకు సెడిపోయింది, ఆయనకు తెల్వదు."

ఆయన నవ్వు ఆగిపోయింది. తలుపు తెరిచాడు. "ఎక్కు, బేగ ఎక్కు."

ఎక్కాలి. నా కాళ్లు కదలలేదు. పదేళ్ల పిల్లప్పుడు దిగిన లారీ మళ్లీ ఎక్కలేదని చెప్పాను కదా. ఒక కాలు మెట్టు మీద పెట్టి, తలుపు పట్టుకుని ఆగిపోయాను. డ్రైవరు చెయ్యి పట్టి లోపలికి లాగాడు. దారంతా ఆయన కాళ్లనే చూస్తూ కూర్చున్నాను. ఆయన బ్రేకు తొక్కినప్పుడల్లా నా కాలూ కిందికి తొక్కింది. పెబ్బేరు దాటాము. రోడ్డు పక్కన ఎక్కడ జనం గుమిగూడి కనిపించినా కళ్లు మూసుకునేదాన్ని. డ్రైవరే చూసి చెప్పేవాడు. "కారు ఇల్లమ్మా, సంత." "ఇల్లమ్మా, పెళ్లోళ్లు." ఇల్ల అంటే వాళ్ల కన్నడంలో లేదని. ఆ మనిషి పేరు కూడా నేను అడగలేదు.

వంతెనకు ముందు రోడ్డు దిగే చోట, ఒక వేపచెట్టు పక్కన, ఎర్ర కారు నిలబడి ఉంది. ముందు చక్రాల నుంచి పొగ లేస్తోంది. కాలిన రబ్బరు వాసన లారీలోకి వచ్చింది. మా ఆయన చక్రం పక్కన కూర్చుని అరచేయి ఊదుకుంటున్నాడు. బతికి ఉన్నాడు. నేను లారీ దిగలేదు, పడ్డాను.

ఆయన నన్ను చూసి లేచాడు. "నువ్వేందే ఇక్కడ? అమ్మకు మంచిగుందా?"

"బండి ముట్టకు."

"బిరేకులు బిగుసుకపోయినయ్. కదల్తలేకుండె. మర ఇప్పి నూనె ఇడ్సిన, ఇప్పుడు చక్రాలు తిరుగుతున్నయ్. మెల్లగ గేర్ల మీద పోత. వంతెన దాటితే గద్వాల ఎంత దూరం, మిల్లు సారు ఎదురుసూస్తుండు."

"బిరేకు లేకుండనా?"

"గేరు ఉన్నది, చేతి బిరేకు ఉన్నది. అంజన్న ఉన్నడు."

నేను పోయి కారు ముందు నిలబడ్డాను. నా మోకాళ్లకు దాని ముక్కు తగులుతోంది. "పోతే నా మీద నుంచి పో" అన్నాను. లారీ డ్రైవరు పక్కన నిలబడి బీడీ ముట్టించబోయి మానేశాడు. మా ఆయనకు అప్పటిదాకా కోపం రాలేదు, అప్పుడు వచ్చింది. "తప్పుకోవే, నలుగురు సూస్తుండ్రు" అన్నాడు.

"నేనే పోసిన" అన్నాను. "ఇంజను నూనె నేనే పోసిన బిరేకుల. శుక్కురారం. చిక్కగ పడుతుంటె సూసి గూడ పోసిన."

ఆయన వంగి, కింద కారిన నూనెలో వేలు పెట్టి, బొటనవేలితో రాసి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత దిగుడు వైపు, దాని చివర వంతెన వైపు చూశాడు. ఆయన ముఖంలో రక్తం దిగిపోవడం నేను చూశాను. అప్పటిదాకా ఆ మనిషికి భయం తెలియదనుకునేదాన్ని. మెల్లగా పోయి నులక సీటు అంచున కూర్చున్నాడు.

"పీలిక ఉండె గదా" అన్నాడు.

పీలిక సంగతి చెప్పాను. ముడుపు సంగతి చెప్పాను. విని తల వంచుకుని, భుజాలు కదిలేలా నవ్వాడు. నవ్వు అనుకున్నాను, చూస్తే కళ్లలో నీళ్లు. "అమ్మకు చెప్పకు" అన్నాడు. "ఎన్నడు చెప్పకు. తెలిస్తే బతకది. మాట ఇయ్యి." ఇచ్చాను.

నా చంకలో మంచి నూనె ఉంది గానీ ఉబ్బిన వాషర్లకు అది పనికిరాదు. లారీ వెనక తాడుతో కడదామంటే, చేతి బ్రేకు ఒక్కదానికి ఆగని బండి దిగుడులో లారీనే పోయి గుద్దుతుంది. చివరికి బండిని వెనక్కు, పెబ్బేరు వైపుకు తిప్పితే, చేను నుంచి వస్తున్న రైతు ఒకాయన కాడెద్దులను కట్టాడు. "రేసు బండి అన్నవ్, నా ఎద్దుల ఎనక నడుస్తుందేంది?" అని ఎగతాళి చేశాడు. లారీ డ్రైవరు గద్వాలలో మిల్లు సారుకు కబురు చెబుతానని పోయాడు. మా ఆయన స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. పెబ్బేరు దాకా చాలావరకు ఎగుడు రోడ్డు. ఎగుడులో ఎద్దులు ఆగితే బండి వెనక్కు జారుతుంది. రోడ్డు పక్కన రాయి ఒకటి వెతికి తీసుకున్నాను. చక్రం పక్కన నడవాలి, ఎద్దులు ఆగిన ప్రతిసారీ వంగి చక్రం కింద పెట్టాలి.

"నువ్వొద్దు" అన్నాడు మా ఆయన. మా నాన్న సంగతి ఆయనకు తెలుసు. "ఆ పెద్దమనిషి పట్టుకుంటడు, నువ్వు ఎనక నడువు."

"నేనే" అన్నాను.

అంత భయం మళ్లీ నా జన్మలో పడలేదు. దవాఖానలో బిడ్డను కన్నప్పుడూ పడలేదు, ఆయన పోయినప్పుడూ పడలేదు. వంగి రాయి పెట్టిన ప్రతిసారీ, చక్రం రాయి మీదికి వచ్చి ఆగే ఆ ఒక్క క్షణంలో మా నాన్న చేతులు కనిపించేవి. రాయి పెట్టడం, చెయ్యి లాక్కోవడం, లేవడం, మళ్లీ నడవడం. ఎండ నెత్తి మీదికి వచ్చింది. నా అరికాళ్లు బొబ్బలెక్కాయి. మా ఆయన ముందుకు చూడడం మానేసి నా వైపే చూస్తూ స్టీరింగు తిప్పాడు. "రోడ్డు సూడు" అని నేను తిట్టాల్సి వచ్చింది. ఆ బండి బరువు తీసేసినందుకు ఒక్క ఆ రోజే సంతోషించాను. బరువు ఉండి ఉంటే ఆ రాయి ఆపేది కాదు.

మా అత్తకు చెప్పలేదు. చక్రాలు వేడెక్కి ఆగిపోయిందని చెప్పాము. ఆమె చేతులు జోడించి, "సూసినవా పిల్లా, ముడుపు కట్టబట్టే వంతెన మీదికి పోకుండ ఆపిండు అంజన్న" అంది. నేను అవునన్నాను. మొక్కు తీర్చడానికి ముగ్గురం బీచుపల్లికి పోయినప్పుడు, ఆ ముడుపు అత్త నా చేతికే ఇచ్చింది, పూజారికి ఇవ్వమని. నీలం దారం కుట్టు నా వేళ్లకు తగిలింది. ఇచ్చేశాను. కారుకు కొత్త వాషర్లు హైదరాబాదు నుంచి తెప్పించి వేశాడు. మిల్లు సారు తీసుకుపోయాడు. నా గిన్నె దాని నెత్తి మీదే పోయింది. ఆ కారు తర్వాత ఏమైందో నేను అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందో అని.

మా ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ఆ వారంలోనే ఒక పొద్దున చూరు కింద కూర్చుని, మేకు తీసుకుని, నా కాలు చూస్తూ బ్రేకు నూనె డబ్బా మీద ఆ పాదం గీశాడు. మెట్టెతో సహా. "ఇది ఎవ్వరు ఇప్పలేరు, ఏ దేవునికి కట్టలేరు" అన్నాడు. పక్కన అక్షరాలు కూడా రాసి నేర్పుతానన్నాడు. నేను ఒప్పుకోలేదు. అక్షరాలంటే భయం వేసింది. నాకు తెలియనిది ఇంకొకటి చేతికి ఇస్తే దానితో ఇంకెవరినో చంపుతానేమో అనిపించింది. ఆ మొండితనం వల్ల ముప్పై ఏళ్లు వేలిముద్ర వేశాను. ఆయన పోయాక, మందు సీసాలు గుర్తుపట్టడానికి నాకు ఎవరూ లేక, మహిళా సంఘంలో మధ్యాహ్నం పూట పలక పట్టుకున్నాను. ఇప్పుడు చింతపండు పొట్లం మీది కాగితం కూడా చదివి పడేస్తాను. స్రవంతి వంటింట్లో ఏ సీసా తీసినా, "సదివినవా?" అంటాను. "సదివిన అవ్వా, ఉప్పు" అంటుంది. చదువు వస్తే భయం పోతుందని పంతులమ్మ అనేది. పోలేదు. అప్పుడు ఒక్క డబ్బాకే భయపడేదాన్ని, ఇప్పుడు అక్షరం ఉన్న ప్రతి వస్తువుకూ భయపడుతున్నాను. కానీ భయపడి చదువుతాను. అప్పుడు భయపడి కళ్లు మూసుకునేదాన్ని. ఆ ఒక్క తేడా చాలు నాకు.

సున్నాలు అయ్యాక స్రవంతి గద్వాలలో పనుందని తన కారులో నన్నూ తీసుకుపోయింది. డబ్బా నా ఒళ్లో పెట్టుకున్నాను. ఎందుకు తెచ్చావని అడిగింది, ఊరికే అన్నాను. చల్లగాలి వచ్చే కారు, మెత్తటి సీటు. రోడ్డు ఇప్పుడు నాలుగు బండ్లు పక్కపక్కన పోయేంత వెడల్పు, వేపచెట్టు లేదు. అయినా దిగుడు మొదలు కాగానే నాకు తెలిసిపోయింది. స్రవంతి నా వైపు చూసి నవ్వింది.

"అవ్వా, ఎందుకు గట్ల తొక్కుతున్నవ్? అక్కడ బ్రేకు లేదు. నా దిక్కుంది."

చూసుకుంటే నా కుడికాలు కింద చాపను గట్టిగా అదిమి పట్టి ఉంది. వంతెన వచ్చింది, కృష్ణ నీళ్లు కనిపించాయి, అంజన్న గుడి దాటాము, వంతెన అయిపోయింది. "దాటినం అవ్వా, ఇగ తియ్యి" అంది పిల్ల. తీయాలనే అనుకున్నాను. కానీ ఆయన "ఇడువు" అనేదాక తీయొద్దన్నాడు. గద్వాల వచ్చేదాక నా కాలు అట్లాగే ఉంది.